నరసమ్మ మచ్చు పెట్టె

మొన్న ఒక ఆదివారం పొద్దున్న, నేనింకా పళ్ళయినా తోముకోకముందే, గౌరి వచ్చి మా గుమ్మంలో నిలబడింది. పలాసలో రైలెక్కి, హైదరాబాదు దాకా కూర్చునే వచ్చి, స్టేషను బయట ముగ్గురు ఆటోవాళ్ళతో దెబ్బలాడి నాలుగోవాడిని ఒప్పించుకుని వచ్చిందట. తనని చూసి ముప్పై ఏళ్ళు పైబడింది. ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. చేతులు చూసి పోల్చుకున్నాను. జీడిపిక్కలు కొట్టిన చేతులు ఎక్కడున్నా తెలిసిపోతాయి. వేళ్ళ చివర్లు నల్లగా, అరచెయ్యి కాలి మానిన చెట్టు బెరడులా ఉంటుంది. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా, ఏళ్ళ తరబడి కొట్టినవాళ్ళకి ఆ నలుపు పోదు.

"సరోజప్పా, నానే, గౌరిని. నరసమ్మ కూతుర్ని," అంది. తువ్వాలులో చుట్టిన చెక్కపెట్టె ఒకటి బల్లమీద పెట్టి, "అమ్మ పోయి మూడు నెల్లయినాది. నీకియ్యమంది," అని కాఫీ కోసం చెయ్యి చాపింది. కాఫీ సగం తాగాక అసలు సంగతి చెప్పింది. తన ఆఖరి కూతురు దేవి ఇంటరు పాసైంది. కంప్యూటరు నేర్చుకుంటానని పట్టు పట్టింది. మరోపక్క జీడిపప్పు బట్టీలో గ్రేడింగు బల్ల దగ్గర చోటు ఒకటి ఖాళీ అయింది, దేవిని రమ్మంటున్నారు. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి. ఇంతలో పక్కింటి కుర్రాడు పేపరు చూపించి, అమెరికాలో కంప్యూటరు కంపెనీలన్నీ మూతపడుతున్నాయని, ఇకమీదట ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాములొస్తాయని, ఈ చదువు చదివినవాళ్ళు గోళ్ళు గిల్లుకోవాల్సిందేనని చెప్పాడట.

"నువ్వు ఆ పనిలోనే ముసిలైపోనావు కదా. నిజమేనా అప్పా? పిల్లకి ఏటి సెప్పమంతావు?" అంది.

సమాధానం చెబుదామని నోరు తెరిచాను. తెరిచినదాన్ని మళ్ళీ మూసేశాను. ఎందుకంటే ఇదే ప్రశ్న, దాదాపు ఇవే మాటల్లో, ఆ కుటుంబం నన్ను అడగడం ఇది రెండోసారి. మొదటిసారి నాకు పదిహేడేళ్ళు. అప్పుడు నేను జవాబు చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నన్ను ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, ఎరగనివాళ్ళ కోసం ముందే ఒప్పేసుకుంటున్నాను. నా మాటల్లో పావలా నిజముంటే ముప్పావలా మసాలా ఉంటుంది. టెక్కలి సంతనుంచి మా నాన్నగారి సైకిలు ఆయన్ని దింపేసి, దారి తెలుసు కనక ఒక్కటే పలాస వచ్చేసిందని మా క్లాసు మొత్తాన్నీ నమ్మించినదాన్ని. మావైపు ఉద్దానం తోటల్లో ఒక ఏడు గాలికి రాలిన కొబ్బరికాయ నేలమీద పడకుండా సోంపేట దాకా ఎగురుకుంటూ పోయిందని చెబితే, ఎవరి తోటలో పడిందని అడిగినవాళ్ళున్నారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం మసాలా వెయ్యలేదు. వెయ్యబుద్ధి కాలేదు.

మా ఇల్లు కాశీబుగ్గలో. నాన్నగారు బడిపంతులు. పెరటిగోడకి అవతల ఒక జీడిపప్పు బట్టీ. పిక్కలు వేయించే రోజు గాలి మావైపు తిరిగిందంటే అమ్మ పరుగున పెరట్లోకి వెళ్ళి ఆరేసిన బట్టలన్నీ లోపలికి తెచ్చేది. ఆ పొగ కళ్ళలోకి పోయి మండేది, గొంతులో గరగరలాడేది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టినా ఆ పొగవాసనే వచ్చేది. మా నాయనమ్మ మాత్రం ఆ పొగ జలుబుకి మంచిదని అరుగుమీద కూర్చుని కావాలని పీల్చేది. అన్నీ జలుబుకి మంచివే ఆవిడకి, ఒక్క మందు తప్ప.

నాన్నగారికి పేపరొచ్చేది. మధ్యాహ్నం బండికి స్టేషనులో దిగితే, రెండు గంటల వేళకి మా ఇంటికి చేరేది. ఆయన బడినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పడక్కుర్చీలో కూర్చుని, మడత విప్పి మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా ఒక్క ముక్క వదలకుండా చదివేవారు. ఆయనకన్నా ముందు మడత విప్పే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. నేను పదకొండో తరగతి గట్టెక్కి, ఏం చేయాలో ఇంట్లో ఇంకా తేలక, ఖాళీగా ఉన్న రోజులవి. పేపరు రాగానే చంకలో పెట్టుకుని పెరటిగోడకున్న చిన్న గుమ్మంలోంచి బట్టీ షెడ్డులోకి దూరిపోయేదాన్ని. అక్కడ ఇరవైమంది ఆడవాళ్ళు పప్పు పొట్టు తీస్తూ కూర్చునేవారు. వాళ్ళ చేతులకి పనుండేది గాని చెవులు ఖాళీ. వాళ్ళకి పేపరు చదివి పెట్టేదాన్ని. నాన్నగారు వచ్చేలోపల మడత చెడకుండా తెచ్చి పెట్టేసేదాన్ని. మడతల్లో ఎర్రటి పప్పు పొట్టు రాలేది. ఆయన దాన్ని కొనగోటితో దులిపి ఏమీ అనేవారు కాదు. ఒక్కసారి మాత్రం, "అమ్మాయ్, వాళ్ళకి పేపరు చదువుతున్నావా, వండుతున్నావా?" అన్నారు.

వండుతున్నాననే చెప్పాలి. ఊరికే చదివితే ఎవరు వింటారు? మంత్రిగారు శంకుస్థాపన చేశారని చదివితే, "ఏటి ఏసుకుని వచ్చినాడు?" అని ఒకావిడ అడిగేది. పేపర్లో ఉండదు కదా. పట్టు కండువా వేసుకొచ్చారనేదాన్ని. "తిన్నదేటి?" అని ఇంకొకావిడ. భావనపాడు నుంచి తెప్పించిన వంజరం పులుసు వడ్డించేదాన్ని. ఆ పూటకి షెడ్డంతా నా గుప్పిట్లో.

షెడ్డు చివర వెలుతురు బాగా పడేచోట గ్రేడింగు బల్ల ఉండేది. దాని మొదట్లో నరసమ్మ. బల్లమీద పోసిన పప్పులో విరగని గుండ్లు వేరు, విడిపోయిన బద్దలు వేరు, గుండ్లలో మళ్ళీ ఏనుగు గుండు, పెద్ద గుండు, నడిమి గుండు, చిన్న గుండు వేరు. ఆవిడ కళ్ళు ఎటో చూస్తుండేవి. చేతులు వాటంతటవి ఏరుకుంటూ పోయేవి. "కన్ను మోసపోతాది, సెయ్యి మోసపోదు," అనేది. బయట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాల్చే మనిషి, బల్ల దగ్గరికొచ్చే ముందు నోరు పుక్కిలించి, చేతులు మూడుసార్లు కడిగేది. పప్పుకి వాసన పట్టేస్తుందని. ఆవిడ దగ్గర ఐదు గదుల చెక్కపెట్టె ఉండేది. ఒక్కో గదిలో ఒక్కో రకం పప్పు. అదే మచ్చు. తగాదా వస్తే ఆ పెట్టె తెరిచి పక్కన పెట్టి చూసేవారు, బట్టీ షావుకారైనా సరే. ఆ పెట్టె ఎవరి చేతిలో ఉంటే బల్ల వాళ్ళది. ఉగాది దాటి కొత్త పిక్కలొచ్చిన మొదటి రోజున, తల్లి తన తర్వాత బల్ల ఎక్కేదాని అరచేతిలో ఆ ఐదు పప్పులూ ఒక్కొక్కటిగా పెట్టి, కళ్ళు మూసుకోమని, పేర్లు చెప్పేది. అలా మొదలయ్యేది చదువు. నేర్చుకోడానికి రెండేళ్ళు పట్టేది. బల్ల ఎక్కినవాళ్ళు పిక్క కొట్టక్కర్లేదు. చేతులు కాలవు. ఆ యేడు ఆ పెట్టె గౌరి చేతిలోకి రావాలి. పదహారేళ్ళ పిల్ల, అప్పటికే వేళ్ళు కాలకుండా ఉండాలని తల్లి పొట్టు తీసే దగ్గరే కూర్చోబెట్టింది దాన్ని.

ఒక మధ్యాహ్నం పేపర్లో ఏమీ లేదు. కరువు, కమిటీ, కమిటీమీద కమిటీ. లోపలి పేజీలో అడుగున మూడు లైన్ల వార్త ఒకటి కనబడింది. ఎక్కడో ఒక పెద్ద ఆఫీసులో లెక్కలు చేసే గణనయంత్రం పెడుతున్నారు, ఉద్యోగాలు పోతాయని గుమాస్తాలు గేటు ముందు నినాదాలు చేశారు. అంతే. ఆ మూడు లైన్లూ చదివేటప్పటికి అందరూ ఆవలిస్తున్నారు. అప్పుడు నా నాలుక దురద పెట్టింది.

"లెక్కలే కాదు, జీడిపప్పు కూడా ఏరుతుందట," అన్నాను.

షెడ్డులో చేతులు ఆగిపోయాయి. అంతమంది చేతులు ఒక్కసారి ఆగడం నేనదే చూడ్డం. ఇక నన్ను పట్టేదెవరు? దానికి నూట ఎనిమిది కళ్ళు పెట్టాను. ఈ పక్క బస్తా పోస్తే ఆ పక్క గుండ్లు ఒక గంగాళంలో, బద్దలు ఒక గంగాళంలో పడతాయన్నాను. పుచ్చుపప్పు పడితే తుమ్ముతుందన్నాను. మర్నాడు వెళ్ళేసరికి, "ఓలమ్మో, ఆ మిషను సంగతి సెప్పవే," అని నా కోసం కాచుకు కూర్చున్నారు. మూడు వారాలు నడిపించాను. దాన్ని ఓడలో ఎక్కించాను, విశాఖపట్నంలో దించాను, గూడ్సుబండిలో పలాస దారి పట్టించాను. కొందరు నవ్వుకునేవారు. కొందరు అది తింటుందా అని అడిగేవారు. నరసమ్మ మాత్రం నవ్వలేదు, ఏమీ అడగలేదు.

కొత్త పిక్కలు రావడానికి రెండు రోజుల ముందు, నేను పేపరు మడిచి వెళ్ళిపోతుంటే, గోడ గుమ్మం దగ్గర ఆపింది. చుట్ట నోట్లోంచి తీసి పక్కన పారేసింది. నాతో మాట్లాడ్డానికి చుట్ట పారేయడం అదే మొదలు.

"పాపా, ఆ మిషను మాట నిజమేనా?"

నిజం చెప్పడానికి ఎంతసేపు? కథమ్మా, నవ్వులాటకి చెప్పాను, అంటే అయిపోయేది. కాని ఆ మూడు వారాలూ నేను మామూలు అమ్మాయిని కాదు. లోకం ఎటు పోతుందో తెలిసినదాన్ని. అంతటి పనిమంతురాలు, షావుకారు కూడా ఎదురు చెప్పలేని మనిషి, నా ముందు నిలబడి అడుగుతోంది. ఆ గొప్ప వదులుకోబుద్ధి కాలేదు.

"నిజమే నరసమ్మా. పేపర్లో వేశారు," అన్నాను.

తలాడించింది. "అయితే మా గౌరి గుంటకి రెండేళ్ళు ఈ బల్ల నేర్పి ఏటి లాభం? నేర్సుకునేతలికి మిషను వచ్చేత్తాది," అని తనలో తను అనుకున్నట్టు అని, వెళ్ళిపోయింది.

కొత్త పిక్కలొచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. గౌరి తలంటుకుని, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చింది. నరసమ్మ పెట్టె తెరిచింది, కొత్త పప్పులు ఐదూ ఐదు గదుల్లో వేసింది, మూత పెట్టేసింది. గౌరి చెయ్యి చాపి కొంతసేపు నిలబడి, తర్వాత చెయ్యి కొంగులో దాచుకుంది. నేను పేపరు తెరవలేదు.

గౌరి ఏదో ఒక పని చెయ్యాలి కదా. బల్ల ఎక్కుతుంది కదా అని పొట్టు తీసే దగ్గర దాని చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. పిక్క కొట్టడానికి వెళ్ళింది. నరసమ్మ ఆ పెట్టె మూత మళ్ళీ తీయలేదు, తగాదాలకి వేరే పెట్టె చేయించుకుంది; ఆవిడ తర్వాత ఆ కొత్త పెట్టెతో పాటు బల్ల వేరే ఇంటికి పోయింది. మిషను రాలేదు. ఆ యేడు రాలేదు, పై యేడు రాలేదు, గౌరికి నలుగురు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళైనా రాలేదు.

నాకు మాత్రం వచ్చింది. చెప్తే మళ్ళీ మసాలా అంటారు. తర్వాత కొన్నాళ్ళకి విశాఖపట్నంలో ఒక ఆఫీసులో కార్డులకి చిల్లులు పొడిచే ఉద్యోగం దొరికింది నాకు. మొదటి రోజున నన్ను తీసుకెళ్ళి ఒక యంత్రం ముందు నిలబెట్టారు. ఈ పక్క అట్టముక్కల కట్ట పెట్టి మీట నొక్కితే, అవి టపటపా పరిగెత్తి, చిల్లుల్ని బట్టి వేటి గదిలో అవి పడుతున్నాయి. గదులు, వరసగా. బల్లలాగే. నేను చెప్పిన అబద్ధం నా ఎదురుగా నిలబడి పని చేస్తోంది, జీడిపప్పుకి బదులు అట్టముక్కలు, అంతే తేడా. పక్కనున్న సూపర్వైజరు, "భయపడకమ్మా, కరవదు," అన్నాడు. ఆయనకేం తెలుసు?

అప్పట్నుంచి ఇదే పని. చిల్లులు పొడవడంతో మొదలెట్టి ప్రోగ్రాములు రాయడం దాకా వచ్చాను. ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ గూడ్సుబండిలో ఏదో ఒక మిషను వస్తూనే ఉంది. ఇంగ్లీషు ముక్కల్లా కనబడే భాష ఒకటొస్తే, ఇక గుమాస్తాలే ప్రోగ్రాములు రాసేసుకుంటారు, మీరెందుకన్నారు. నాలుగోతరం భాషలొచ్చాయి, ఇంక ఐదో తరానికి మనుషులక్కర్లేదన్నారు. గళ్ళు గీసి బాణాలు పెడితే చాలు, ప్రోగ్రాము దానంతటదే పుడుతుందన్నారు. గళ్ళూ బాణాలూ గీయడానికే ఇరవైమందిని పెట్టుకున్నారు. సంవత్సరానికి రెండంకెలే వేసుకున్న పాపానికి రెండువేలు రాగానే లోకం ఆగిపోతుందన్నారు. ఆ పాపంలో నా చెయ్యీ ఉంది కనక సెలవు పెట్టకుండా దిద్దాను. లోకం ఆగలేదు. ఆ తర్వాత కూరగాయలు మొదలు పెళ్ళి సంబంధాల దాకా అన్నీ వెబ్‌సైట్లలోనే అన్నారు. ఇప్పుడేమో వాటికి తాళాలు పడుతున్నాయి, పని అయిపోయిందంటున్నారు. అన్నీ అబద్ధాలని అనను. కొన్ని వచ్చాయి, చెప్పిన వేళకి కాక, చెప్పిన చోటికి కాక. నాతో చిల్లులు పొడిచిన పదిమందిలో ఆరుగురి పని నిజంగానే పోయింది. కాని ఏది వస్తుందో, ఏది రాదో, ఎప్పుడొస్తుందో చెప్పినవాళ్ళెవరికీ తెలీదు. ఈ వార్తలు రాసేవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు. మూడు లైన్ల వార్త చేతిలో పట్టుకుని, ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య కూర్చున్న పదిహేడేళ్ళ పిల్ల కనబడుతుంది. వాళ్ళు రాసింది చదివి ఎక్కడో ఎవరో చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంటున్నారని వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. తెలిసీ ముప్పై ఏళ్ళు ఎవరితోనూ చెప్పలేదు. నూట ఎనిమిది కళ్ళ మిషను కథ ఆఫీసులో నవ్వించడానికి చాలాసార్లు చెప్పాను, గౌరిని మాత్రం తీసేసి.

గౌరి కాఫీ గ్లాసు కింద పెట్టి నాకేసి చూస్తోంది.

"గౌరీ, ముందు నీకు ఒకటి చెప్పాలి," అన్నాను. "అప్పుడు పేపర్లో జీడిపప్పు సంగతి లేదు. నేనే కల్పించాను. మీ అమ్మ అడిగితే కూడా నిజమనే చెప్పాను."

"తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే. పోస్టు మావ సేత సదివించినాను. మీ నాన్నగారు పాత పేపర్లు బట్టీకే కదా ఇచ్చీవోరు, డబ్బాల కింద పరవడానికి? ఎతికి ఎతికి ఆ కాయితం పట్టినాను. మూడు వరసలున్నాయి. పప్పూ నేదు, పిక్కా నేదు. అట్టుకెళ్ళి అమ్మకి సూపించినాను. 'ఓలె, పంతులుగోరి పిల్ల అబద్దమాడదు. పోస్టోడికి సదవడం రాదు' అని నా ఈపు మీద ఒక్కటేసింది."

అచ్చులో ఉన్నదాన్ని కాదని నా మాట నమ్మింది ఆ మనిషి. ఇన్నేళ్ళూ నేను మోసపుచ్చింది వాళ్ళ అమాయకత్వాన్ని అనుకుంటూ వచ్చాను. కాదు. నాన్నగారి మీద, మా ఇంటి మీద, చదువు మీద వాళ్ళకున్న గౌరవాన్ని. దాన్నే నేను మూడు వారాల మెప్పు కోసం ఖర్చు పెట్టేశాను.

"మరి తెలిసీ నన్నెందుకు అడగడానికొచ్చావే, ఇంతదూరం?"

"మరెవుల్ని అడగాల? కంప్యూటర్లు సేసినోలు నాకు ఇంకెవులు తెలుసు?" అంది, అదేమంత పెద్ద విషయం కానట్టు. "సెప్పు. పక్కింటోడు సెప్పింది నిజమేనా, కాదా?"

నాకు తెలిసిందంతా ఒకసారి తలలో తిప్పుకున్నాను. ధైర్యం చెప్పడానికి అందమైన మాటలు పది వచ్చాయి. భయపెట్టడానికి అంతకన్నా అందమైనవి ఇరవై వచ్చాయి. నాలుక చివర నిలబడి, దూకుతామంటున్నాయి. గౌరి చేతులు బల్లమీద, నా ఎదురుగా ఉన్నాయి.

"తెలీదు గౌరీ," అన్నాను. "రాబోయేది నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. నిన్న రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందో వెతకడం తెలుసు. అది నేర్పగలను. అది వచ్చినవాళ్ళు ఇంతవరకూ పస్తులుండటం నేను చూళ్ళేదు. రేపు చూస్తానేమో తెలీదు. అంతే."

"తెలీదని సెప్పడానికి ఇంతసేపా? కాఫీ సల్లారిపోనాది," అంది. ఆ మిగిలిన కాఫీ తాగేసి, మూతి తుడుచుకుని, "అయితే పిల్లని పంపుతాను. నువ్వే కూకోబెట్టి నేర్పు. మిషను వత్తే రానీ. నేర్పకుండా మాత్రం ఉంచకు," అంది. తువ్వాలు విప్పి పెట్టె నా వైపు జరిపింది. "ఇది నాను తెరవలేదు. మొదటి దినాన దాని సేతికి నువ్వే ఇయ్యి."

గౌరి ఆ సాయంత్రం బండికే వెళ్ళిపోయింది. పెట్టె నేనూ రెండు రోజులు తెరవలేదు. తెరిస్తే ఐదు గదుల్లోనూ ఐదు పప్పులున్నాయి, గౌరి చెయ్యి చాపిన ఆ యేటివే, గోధుమరంగు తిరిగి, ముడుచుకుపోయి, వేలు తగిలితే పొడైపోయేలా. పాత నూనె వాసన. వాటిని పారెయ్యలేక కాయితంలో పొట్లం కట్టి దాచాను. దేవి వచ్చే సోమవారం వస్తుంది. ఖాళీ పెట్టె దాని చేతికి ఎలా ఇవ్వను? బజారుకెళ్ళి కిలో జీడిపప్పు తెచ్చి, కంప్యూటరు పక్కకి జరిపి, బల్లమీద పోసుకుని కూర్చున్నాను. ఏనుగు గుండు దొరికింది. పెద్ద గుండు దొరికింది. బద్ద ఎవరైనా పోల్చుకోగలరు. నడిమి గుండేదో, చిన్న గుండేదో, మూడో గదిలోకి, నాలుగో గదిలోకి ఏది వెయ్యాలో మాత్రం ఎంతకీ తేలలేదు. కళ్ళు మూసుకుని, అరచేతిలో ఒకటి పెట్టుకుని చూశాను. తీసి ఇంకొకటి పెట్టుకున్నాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.